విత్తనానికి ఏది లెక్క: ఏరువాక పున్నమా, మిరుగమా?

రేగొండ రైతు: మా ఊళ్లో ఇదే పంచాయితీ. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, ముందు అధికం, తర్వాత నిజం. దాంతో ఏరువాక పున్నమి జూన్ 29కి జరిగింది. మిరుగం (మృగశిర) కార్తె మాత్రం ఎప్పటిలాగే జూన్ 8నే. పున్నమి పూజ కాకుండా విత్తనం పెట్టొద్దని పెద్దల పట్టు. మీరేమంటారు?

ములుగు ఆడబిడ్డ: పెద్దల మాటే నాది. పొద్దున్నే ఎడ్లను చెరువులో కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడకు గజ్జెలు కట్టి, నాగలికి పసుపు కుంకుమ పెడితే ఊరంతా ఒక్కసారే పనిలోకి దిగుతుంది. చుట్టుపక్కల చేలు ఒకే ఈడున ఉంటే పిట్టలు, పురుగు ఒక్క చేను మీదే పడవు. కాముని పున్నమి, రాఖీ పున్నమి, మాఘ పున్నమికి మేడారం, మన ఏడాదంతా పున్నముల మీదే కదా నడిచేది!

హన్మకొండ టీచర్: అమ్మా, పండుగకు పున్నమే చూడాలి, కాదనను. విత్తనానికి చూస్తేనే నష్టం. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధికమాసం రాగానే ముందుకు దూకుతుంది. ఏరువాక 2023లో జూన్ 4న, 2025లో 11న వచ్చింది, ఇప్పుడు 29. వాన అలా తిరగదు. కార్తె సూర్యుణ్ని బట్టి నడుస్తుంది కాబట్టే రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మిరుగంలో తొలకరి, ఆ తర్వాత చెలకల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు ఇంచుమించు ఏటా అవే రోజుల్లో కనిపిస్తాయి. మేడారమే చూడండి. మాఘ పున్నమి జాతర అంటాం, కానీ బుధవారం సారలమ్మ, గురువారం సమ్మక్క గద్దెకు రావాలన్నదే అక్కడ ముఖ్యం. 2026లో శనివారం జనవరి 31న తల్లులు వనప్రవేశం చేశాకే, మర్నాడు పున్నమి వచ్చింది.

ఇంకో మాట. మిరుగం వచ్చిందని పొడి దుక్కిలో పత్తి గింజ పెట్టినా తప్పే. నల్లరేగడిలో 60–75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోపలిదాకా తడవాలి. లేదంటే మొలక మాడిపోయి మళ్లీ విత్తనం కొనాల్సిందే.

రేగొండ రైతు: మాది నల్లరేగడే సార్. తడి చూసి పెడతా. పూజ మాత్రం 29నే.

ములుగు ఆడబిడ్డ: వాన సంగతి ఒప్పుకుంటున్నా అన్నా. కానీ ఎడ్లు లేవని ఆ పూట వదిలేయకండి, ట్రాక్టర్‌నైనా కడిగి బొట్టు పెట్టండి.