పాత పోలరాయిడ్ కెమెరాలు: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

పాతరీలు (హైదరాబాద్):
ఏప్రిల్‌లో మా అక్క సీమంతం. అంతకు నెల ముందే, నొక్కగానే ఫోటో బయటికొచ్చే 1970ల నాటి పోలరాయిడ్ మడత కెమెరా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఫిల్మ్ పెట్టెలో 8 ఫోటోలు. మొదటి రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చాయి. వెలుగు సరిచేసే చక్రం నలుపు వైపు తిప్పాక ఏసీ హాల్లో మూడు పర్లేదనిపించాయి. పెరట్లో ఎండలో తీసింది నారింజ రంగుకి తిరిగింది. ఏడోది బయటికి వస్తూ సగంలో ఇరుక్కుంది. టెన్షన్‌లో తలుపు తెరిచి లాగేశాను, కిందనున్న ఎనిమిదోది కూడా వెలుగు తగిలి పోయింది. "నీ దగ్గర ఫోన్ లేదట్రా?" అంది అక్క. దీన్ని అమ్మేయనా, ఉంచుకోనా?

నిక్కచ్చి:
అమ్మేయండి. ఫిల్మ్ పెట్టె అమెరికాలోనే 20 డాలర్లకు అటూ ఇటూ. ఇక్కడికొచ్చేసరికి కస్టమ్స్ తడిసి మోపెడవుతుంది. అందులో సగం చెత్తబుట్టకి. ఫ్యూజీ వాళ్ల ఇన్‌స్టంట్ కెమెరా ఇన్‌స్టాక్స్ కొనుక్కోండి. పెట్టెకి 10 ఫోటోలు, ఊళ్లోనే దొరుకుతుంది, 40 డిగ్రీల దాకా పనిచేస్తుందని కంపెనీయే చెబుతోంది. మళ్లీ రాని రోజున యాభై ఏళ్ల యంత్రాన్ని నమ్ముకోవడం ధైర్యం కాదు.

చీకటిగది (వరంగల్):
కెమెరాని తిట్టేముందు లెక్క చూద్దాం. మీరు వాడింది పోలరాయిడ్ 600 రకం ఫిల్మే కదా? దాని వేగం, అంటే వెలుగుని పట్టే చురుకుదనం, 640. మీ దానిలాంటి ఎస్‌ఎక్స్-70 రకం మడత కెమెరాలకు కావలసింది దాదాపు 160. అంటే నాలుగు రెట్ల తేడా, ఫోటో భాషలో రెండు స్టాపులు (ఒక్కో స్టాపూ రెట్టింపు వెలుగు). పెట్టె మీద వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టకపోతే తెల్లగా రాక ఇంకెలా వస్తాయి? నారింజ రంగు ఎండ పుణ్యం. ఇప్పుడొస్తున్న ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్యే సుఖం. ఏప్రిల్‌లో మన పెరట్లో అంత చల్లదనం ఎక్కడిది? ఇక ఇరుక్కోవడం అంటారా, ఫోటోని బయటికి నెట్టే రోలర్లు తుడిచారా అసలు? ప్రతి ఫోటో అంచులో రసాయనం సంచి ఉంటుంది. రోలర్లు దాన్ని పగలగొట్టి పేస్టుని సమంగా పరుస్తాయి. కాస్త పేస్టు బయటికొచ్చి ఎండిపోతే ఇక అన్నీ గీతలూ మచ్చలే. మీరు చెప్పినదాంట్లో కెమెరా తప్పు నాకైతే కనబడలేదు.

పైగా వీటికి విడిగా బ్యాటరీ ఉండదు, ఫిల్మ్ పెట్టెలోనే వస్తుంది. పెట్టె మార్చినప్పుడల్లా బ్యాటరీ కొత్తదే. అటక మీద దశాబ్దాలు పడున్నవి ఈరోజుకీ లేచి కూర్చోవడానికి సగం కారణం అదే. అన్నట్టు కొత్త పోలరాయిడ్ కెమెరాలకు వాడే ఐ-టైప్ ఫిల్మ్ పెట్టె చవక కదా అని కొనకండి, అందులో బ్యాటరీ ఉండదు. పాత కెమెరా కదలదు.

నిక్కచ్చి:
ఫిల్టర్ పెట్టాలి, రోలర్ తుడవాలి, ఎండలో తీయకూడదు, వచ్చిన ఫోటోని పావుగంట వెలుగు తగలకుండా జేబులో దాచాలి. పోలరాయిడ్ పెట్టిన ఎడ్విన్ లాండ్ దీన్నెందుకు మొదలుపెట్టాడో గుర్తుందా? 1943లో మూడేళ్ల కూతురు "ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదు?" అని అడిగింది. 1972లో ఎస్‌ఎక్స్-70 తెచ్చినప్పుడు పట్టపగలు కళ్లముందే బొమ్మ తేలేది. అంటే అది జనం బుర్ర పెట్టక్కర్లేకుండా చేసిన వస్తువు. మరకలే అందం అని కొందరనడం ఈమధ్య పుట్టిన మాట. పోలరాయిడ్ 2008లో ఫిల్మ్ ఆపేసింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే ఫ్యాక్టరీని కొందరు నిలబెట్టి, రసాయనాలన్నీ కొత్తగా కూర్చుకుని 2010లో మళ్లీ అమ్మడం మొదలుపెట్టారు. తొలిరోజుల్లో ఆ కొత్త ఫిల్మ్ సరిగ్గా పనిచేయకపోతే మనమే దానికి కళ అని పేరు పెట్టాం. ప్రకృతి ఫోటోలకు పేరుమోసిన అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అంతటివాడు పోలరాయిడ్‌కి సలహాదారుగా ఉన్నాడు. ఆయన మరకల కోసం ఉన్నాడంటారా?

స్టూడియోబాబాయి (విజయవాడ):
బాబూ, మా స్టూడియోలో నాలుగు లెన్సుల పాస్‌పోర్ట్ కెమెరా ఉండేది. క్లిక్‌మనిపించి, కాగితం లాగి, వాచీ చూసుకుని పొర ఒలిస్తే నాలుగు ఫోటోలు. వీసా హడావుడిలో వచ్చినవాళ్లకి అదే దిక్కు. ఆ కెమెరా ఈరోజుకీ గుండ్రాయిలా ఉంది, ఒక్క స్క్రూ వదులవలేదు. దానికి వేసే ఫ్యూజీ ఎఫ్‌పీ-100సీ ఫిల్మ్ ఆపేస్తున్నామని 2016లో చెప్పారు, అంతే, అది బీరువాలోకి వెళ్లింది. కోడక్ ఇన్‌స్టంట్ కెమెరాలదీ అదే గతి. పేటెంట్ కేసులో పోలరాయిడ్ చేతిలో ఓడి 1986లో మానుకున్నారు, కొన్నవాళ్ల చేతిలో డబ్బాలు మిగిలాయి. మీరు కెమెరా నమ్మకం గురించి కొట్టుకుంటున్నారు. నన్ను ముంచింది మాత్రం కెమెరా కాదు.

ఎడిసన్‌పిల్ల (న్యూజెర్సీ):
బాబాయి గారూ, అందుకే ఫిల్మ్ వస్తున్నప్పుడే తీయాలంటాను నేను. నాకు వేడి బాధ లేదు, చలి బాధ ఉంది. జనవరిలో బయట తీస్తే నీలంగా పాలిపోతుంది, కోటు లోపల పెట్టుకుని తిరగాలి. నిక్కచ్చి గారూ, మరకలు కళ అని నేనూ అనను. నెగెటివ్ లేదు, రెండో కాపీ లేదు, పెట్టెలో 8 మాత్రమే. అందుకని నొక్కేముందు మనిషిని సరిగ్గా చూస్తాను. ఫోన్‌తో నాలుగు వందలు తీస్తాను కానీ ఒక్కదాన్నీ అలా చూడలేదు.

నిక్కచ్చి:
ఆ సుఖం ఇన్‌స్టాక్స్‌లో కూడా ఉంది కదమ్మా, అక్కడా నెగెటివ్ లేదు!

ఎడిసన్‌పిల్ల:
ఉంది. ఒప్పుకుంటున్నాను. కానీ ఇన్‌స్టాక్స్ మినీ ఫోటో 62 బై 46 మిల్లీమీటర్లే, సీమంతం గుంపు అందులో చీమల బారులా ఉంటుంది. ఎస్‌ఎక్స్-70 అద్దంలోంచి చూసి ఫోకస్ చేయగలం. ఆ లెన్సు వేరు.

పాతరీలు:
రోలర్లు ఇప్పుడే చూశాను. పెసరగింజంత గడ్డ ఎండిపోయి ఉంది. అమ్మినాయన తుడవలేదు, నేనూ చూడలేదు. తడిగుడ్డతో వదిలింది. చీకటిగది అన్నా, ఫిల్టర్ ఆర్డర్ పెట్టాను. ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంది, అమ్మ రోజూ తిడుతోంది. జూలైలో బారసాల. ఉయ్యాల ఫోటోలు ఫోన్‌తో తమ్ముడు తీస్తాడు. నేను ఏసీ గదిలో ఒక్క పెట్టె, ఎనిమిదే.

నిక్కచ్చి:
ఎనిమిదిలో ఎన్ని వచ్చాయో ఇక్కడే రాయాలి. అబద్ధం చెప్పకూడదు.