స్ట్రాంగ్స్ నంబర్లతో పద పరిశోధన: సరైన పద్ధతి ఏది?

కొత్తపాఠకుడు
హెబ్రీ ముందా, గ్రీకు ముందా? నిఘంటువు ఏది తీసుకోవాలి? యోహాను 21:15-17 గ్రీకులో ప్రభువు అగపావో అని అడిగితే పేతురు ఫిలెవో అన్నాడంటారు. తెలుగులో రెండూ ప్రేమే. ఇలాంటివి సొంతంగా పట్టుకునే పద్ధతి చెప్పండి.

వాక్యధ్యాని
ఏముందండీ, తెలుగులో చదివిన వచనాన్నే, ప్రతి మూలపదానికీ స్ట్రాంగ్స్ నిఘంటువు నంబరు వేసిన ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో తెరవండి. అగపావో 25, ఫిలెవో 5368. మొదటిది దైవప్రేమ, రెండోది స్నేహం. అంతే.

కోయినే_పంతులు
ఆ "అంతే" దగ్గరే కొంప మునిగేది. 2 సమూయేలు 13:1లో అమ్నోను తామారు మీద పడ్డ మోహానికి సెప్టువజింటు (పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదం) వాడింది అగపావోనే. 2 తిమోతి 4:10లో దేమా ఇహలోకాన్ని "స్నేహించి" అని మన తెలుగు బైబిల్లో ఉంది కదా, అక్కడ గ్రీకు అగపావో! తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడన్న మాటకు యోహాను 3:35లో అగపావో, 5:20లో ఫిలెవో. రెండు అధ్యాయాల్లో తండ్రి ప్రేమ తగ్గిందా?

వాక్యధ్యాని
వెటకారం వద్దు. మరి మూడోసారి ప్రభువే ఫిలెవో ఎందుకన్నాడు? పేతురు ఎందుకు వ్యసనపడ్డాడు?

కోయినే_పంతులు
మూడోసారి అడిగినందుకని 17వ వచనమే చెబుతోంది. అక్కడే గొఱ్ఱెపిల్లలు-గొఱ్ఱెలు, మేపుము-కాయుము కూడా మారాయి. వాటి మీద ఎవరూ సిద్ధాంతం కట్టరేం? మాట మార్చి చెప్పడం యోహాను శైలి. గ్రీకు వ్యాకరణం పాఠం చెప్పేవాణ్ణి, కాస్త నమ్మండి.

బిన్యాన్7
పంతులుగారి పాఠాలు అలా ఉంచండి. నంబరు మోసం చేసేది హెబ్రీలోనే ఎక్కువ. 3513 కాబెద్ చూడండి. కల్ అనే బిన్యాన్‌లో, అంటే క్రియారూపంలో, బరువుగా ఉండడం, పీయెల్‌లో సన్మానించడం (నిర్గమకాండము 20:12), హిఫీల్‌లో ఫరో గుండెను కఠినం చేసుకోవడం (8:15). మూడింటికీ ఒకటే నంబరు. క్రియ కనబడగానే ముందు పార్సింగ్ (పదరూప విశ్లేషణ) చూసి ఏ బిన్యానో తేల్చుకోండి, ఆపైనే నిఘంటువులో ఆ బిన్యాన్ కింది అర్థాలు చదవండి. ఇంకోటి, స్ట్రాంగ్స్‌లో గీత తర్వాత వచ్చేవి అర్థాలు కావు. కింగ్ జేమ్స్ ఆ పదాన్ని ఎన్ని రకాలుగా అనువదించిందో ఆ జాబితా.

రాహేలు_నోట్స్
హెబ్రీ మూలంలో 8:15 తెరిస్తే గుండె మాటే లేదు?

బిన్యాన్7
హెబ్రీలో వచన సంఖ్యలు కొన్నిచోట్ల వేరు, 8:11 చూడండి. మన 8:1-4 అక్కడ 7:26-29. యోవేలు 2:28-32 హెబ్రీలో 3వ అధ్యాయం, మలాకీకి మూడే అధ్యాయాలు. కీర్తనల్లో శీర్షికనూ వచనంగా లెక్కిస్తారు కాబట్టి 51:1 కోసం 51:3కి వెళ్లాలి.

వాక్యధ్యాని
ఇంత లెక్కలైతే సామాన్యుడు చదవగలడా? ధాతువు పట్టుకుంటే చాలు. దాబార్ అంటే వాక్కు, మిద్బార్ అంటే అరణ్యం. ధాతువు ఒకటే, అంటే దేవుడు మాట్లాడే చోటు అరణ్యం!

కోయినే_పంతులు
లెహెమ్ రొట్టె, మిల్హామా యుద్ధం. హల్లులు అవే. ఇక రొట్టె కోసం యుద్ధమని ప్రసంగించండి. ఈ ధాతువుల పిచ్చిని బైబిలు పండితుడు జేమ్స్ బార్ 1961లోనే ఉతికి ఆరేశాడు. ఎక్లేసియా (సంఘం అని అనువదించే గ్రీకు పదం) అంటే "పిలువబడినవారు" అనేవాళ్లు అపొస్తలుల కార్యములు 19:32 చూడండి. ఎఫెసులో గోల చేసిన గుంపుకూ అదే పదం.

వాక్యధ్యాని
మిద్బార్‌ను ఆ ధాతువు కిందే పెట్టింది బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్ హెబ్రీ నిఘంటువు. వాళ్లకు తెలియదంటారా?

బిన్యాన్7
1906 నాటి ఆ పుస్తకం అమరికే ధాతువుల వారీ. ఒక ధాతువు కింద ఉన్నంత మాత్రాన అర్థం ఒకటని కాదు. హాలట్ అనే మరో హెబ్రీ నిఘంటువు అయితే అక్షరక్రమం, మిద్బార్‌ను మేమ్ (మ) అక్షరం కిందే వెతుక్కోవచ్చు.

రాహేలు_నోట్స్
ఒకేలా కనబడే దాలెత్-రేష్, హే-హేత్ అక్షరాల తేడా తెలియకపోతే రెంటిలోనూ దొరకదు. ముందు 22 అక్షరాలు, పదం చివర రూపం మారే ఐదూ చేత్తో రాయండి.

వాక్యధ్యాని
పంతులుగారు 21:17కి ఇంకా సరిగ్గా జవాబివ్వలేదు.