ఛార్జింగ్ స్టేషన్‌కి ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఎవరిది?

హైవే పక్కన మాకున్న పది గుంటల్లో ఈవీ ఛార్జింగ్ స్టేషన్ పెడదామనుకున్నాం. 60 కిలోవాట్ల మెషీన్లు రెండు. కనెక్షన్‌కి డిస్కం (కరెంటు పంపిణీ చేసే కంపెనీ)లో అప్లై చేస్తే వచ్చిన ఎస్టిమేట్ చూసి కళ్లు తిరిగాయి. 11 కేవీ లైను, తొమ్మిది స్తంభాలు, 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ మా ఖర్చే. డబ్బు మాది, ఆస్తి మాత్రం వాళ్లదట!

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ చూస్తే, అడిగినవాళ్లకి కరెంటు ఇవ్వడం డిస్కం బాధ్యత. 46వ సెక్షనేమో లైను ఖర్చు మా దగ్గరే వసూలు చేసుకోవచ్చంటోంది. రేపు అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పక్క దాబాకి కనెక్షన్ ఇస్తే మాకేమైనా తిరిగొస్తుందా? వినియోగదారుల ఫిర్యాదుల వేదికకి వెళ్తే పని జరుగుతుందా, ఇంకా ఆలస్యమవుతుందా? ఇలా కట్టినవాళ్లు, డిస్కంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్) చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. డబ్బు కట్టే గడువు దగ్గరపడింది, నాన్నకి ఒకటే టెన్షన్.