క్యూ, క్యాష్ ఒకే రెడిస్‌లో: వోలటైల్-ఎల్‌ఆర్‌యూ పెడితే సరిపోదా?

క్యూకాపరి:
బుల్‌ఎమ్‌క్యూకి (నోడ్‌లో జాబ్‌లను వరుసలో పెట్టి నడిపే లైబ్రరీ) రెడిస్ (డేటాని మెమరీలో ఉంచే సర్వర్) మెమరీ పాలసీ నోఎవిక్షన్ ఉండాలి, అంటే నిండినా ఏ కీనీ తీసేయకూడదు. క్యాష్‌కేమో ఎల్‌ఆర్‌యూ కావాలి, అంటే చాలాసేపుగా వాడని కీలు ముందు పోవాలి. అందుకని రెండు సర్వర్లు పెట్టడం దండగ. క్యాష్ కీలన్నిటికీ టీటీఎల్ (గడువు) ఇచ్చి వోలటైల్-ఎల్‌ఆర్‌యూ (గడువున్న కీలనే తీసేసే పాలసీ) పెట్టండి. జాబ్ వివరాలుండే హ్యాష్‌లకు టీటీఎల్ ఉండదు కాబట్టి రెడిస్ వాటి జోలికి పోదు.

నోడ్‌మిత్ర:
హ్యాష్‌కి ఉండదు, లాక్‌కి ఉంటుందండీ. వర్కర్ (జాబ్‌లను నడిపేది) జాబ్ అందుకోగానే, అది తన చేతిలో ఉందని గుర్తుగా, డిఫాల్ట్‌గా 30 సెకన్ల గడువుతో లాక్ కీ పడుతుంది. ఎవిక్షన్‌లో (మెమరీ నిండి రెడిస్ కీలు తీసేసేటప్పుడు) అది పోతే స్టాల్డ్ చెక్ (ఆగిపోయిన జాబ్‌ల కోసం చేసే తనిఖీ) ఆ జాబ్‌ని తిరిగి వెయిట్ వరుసలోకి నెడుతుంది. మొదటి వర్కర్ ఇంకా పనిలోనే ఉంటుంది, ఇంకో వర్కర్ అదే జాబ్ ఎత్తుకుంటుంది. అది డబ్బు బదిలీ జాబ్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందరూ తప్పును కోడ్‌లో వెతుకుతారు, పాలసీని ఎవరూ అనుమానించరు.

క్యూకాపరి:
లాక్‌ని వర్కర్ పొడిగిస్తూనే ఉంటుందిగా. ఈమధ్యే తాకిన కీని ఎల్‌ఆర్‌యూ ఎందుకు తీసేస్తుంది?

నోడ్‌మిత్ర:
పొడిగించేది సగం గడువుకోసారి, అంటే 15 సెకన్లకి. రద్దీగా ఉన్న క్యాష్ కీలను సెకనుకి ఎన్నోసార్లు చదువుతారు. వాటి పక్కన లాకే పాతది. పైగా రెడిస్ ఎల్‌ఆర్‌యూ ఉజ్జాయింపు లెక్క, డిఫాల్ట్‌గా 5 కీల శాంపిల్ చూసి ఎంచుకుంటుంది. డేటాబేస్ నంబర్ వేరు చేసినా లాభం లేదు, పాలసీ సర్వర్ మొత్తానికీ ఒకటే.

క్యూకాపరి:
లాక్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు మెమరీ నింపేది పూర్తయిన జాబ్‌లే. డిఫాల్ట్‌గా అవి ఎప్పటికీ ఉండిపోతాయి. పూర్తవగానే తీసేసేలా రిమూవ్‌ఆన్‌కంప్లీట్ ట్రూ పెడితే సర్వర్ నిండనే నిండదు, ఎవిక్షన్ ప్రశ్నే రాదు.

వర్కర్‌వాణి:
ట్రూ పెట్టేముందు ఒకటి చూడండి. సొంత జాబ్‌ఐడీ ఇచ్చి డూప్లికేట్లు ఆపుతున్నారా? పాత జాబ్ రెడిస్‌లో ఉన్నంతవరకే ఆ కాపలా. తీసేయగానే అదే ఐడీతో మళ్లీ చేరుతుంది. ట్రూ బదులు ఏజ్ (ఎంతసేపు ఉంచాలి) 3600, కౌంట్ (ఎన్ని ఉంచాలి) 1000 లాంటివి ఇవ్వడం మేలు. ఏజ్ సెకన్లలో, పాత జాబ్‌లను తీసేసే క్లీన్ ఫంక్షన్‌కి ఇచ్చే గ్రేస్ (ఆగే సమయం) మిల్లీసెకన్లలో. ఈ రెండూ తారుమారైతే ఉండాల్సినవి పోతాయి, పోవాల్సినవి ఉంటాయి. ఫెయిలైన వాటికి రిమూవ్‌ఆన్‌ఫెయిల్ విడిగా పెట్టాలి.

నోడ్‌మిత్ర:
ఇంత చేసినా క్యాష్ రాతలు ఒక్కసారిగా పెరిగితే మెమరీ నిండుతుంది. విడి సర్వర్‌లో నోఎవిక్షన్ ఉంటే కనీసం జాబ్ చేర్చే యాడ్ కాల్‌కి ఓఓఎమ్ (మెమరీ చాలదన్న) ఎర్రర్ వచ్చి పైకే తెలుస్తుంది. క్లయింట్ సెట్టింగులూ విడదీయండి. వర్కర్ కనెక్షన్‌కి మ్యాక్స్‌రిట్రైస్‌పర్‌రిక్వెస్ట్ నల్ (మళ్లీ ప్రయత్నాలకు పరిమితి లేకపోవడం) ఉండి తీరాలి. వెబ్ రిక్వెస్ట్‌లో జాబ్ చేర్చే క్యూ కనెక్షన్‌కి నల్ వద్దు, ఎనేబుల్‌ఆఫ్‌లైన్‌క్యూ ఫాల్స్ (కనెక్షన్ లేనప్పుడు కమాండ్లు దాచిపెట్టకపోవడం) పెట్టండి. లేకుంటే రెడిస్ పడిపోయినప్పుడు యాడ్ కాల్స్ విఫలం కాకుండా ప్రాసెస్ మెమరీలోనే పోగవుతాయి.

క్యూకాపరి:
డబ్బు జాబ్‌లకు విడి సర్వర్, సరే. రెండోసారి నడిచినా నష్టం లేని థంబ్‌నెయిల్ జాబ్‌లకు మాత్రం ఒకటే చాలన్నది ఇప్పటికీ నా మాట.