‘నిప్పు లేనిదే పొగ రాదు’ తర్కానికి నిలుస్తుందా?

ప్రశ్న

ఎవరి మీదైనా పుకారు పుట్టగానే "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అనేస్తారు. న్యాయశాస్త్రంలో, అంటే చట్టం కాదు, భారతీయ తర్కశాస్త్రంలో, పొగను బట్టి నిప్పును ఊహించడం సరైన అనుమానానికే (గుర్తును బట్టి కనిపించనిదాన్ని తేల్చడానికే) ఉదాహరణ. మరి పుకారు దగ్గర అదే మాట ఎందుకు బెడిసికొడుతోంది? లోపం సామెతలోనా, వాడుకలోనా? తర్కం చదివినవారు కాస్త విడమరచగలరు.

జవాబు 1

సామెతలో లోపం లేదండీ. "నిప్పు లేనిదే పొగ రాదు" అన్నా, "నిప్పుంటేనే పొగ" అన్నా ఒకటే. ఆ చివరి ‘ఏ’ తీసేసి "నిప్పుంటే పొగ" అంటే మాత్రం అర్థం తిరగబడుతుంది. గుర్తుల్లో రాసేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. వాక్యంలో నిప్పు ముందుంది కదా అని ‘నిప్పు → పొగ’ అని రాస్తారు. రాయాల్సింది ‘పొగ → నిప్పు’.

రెండు విషయాల మధ్య తప్పని సంబంధాన్ని న్యాయ పరిభాషలో వ్యాప్తి అంటారు. సామెత అందులో వ్యతిరేకవ్యాప్తి (లేకపోవడాన్ని బట్టి చెప్పేది): నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో లాగా. అన్వయవ్యాప్తి (ఉండడాన్ని బట్టి చెప్పేది): పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా. అన్నంభట్టు రాసిన న్యాయ ప్రవేశగ్రంథం తర్కసంగ్రహంలో ‘తర్కం’ (ఒకటి లేదనుకుంటే వచ్చే చిక్కును చూపడం) అనే మాటకు ఇచ్చిన ఉదాహరణ కూడా "నిప్పే లేకుంటే పొగా ఉండేది కాదు" అన్నదే.

తిరగేసిన మాట ఎందుకు చెల్లదంటే, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తగలాలి. ఈ తడి కట్టె తగలడమే అక్కడ ఉపాధి, అంటే చెప్పకుండా దాగిన షరతు. అలాంటిది బయటపడితే అనుమానం చెల్లదు. ఉపాధి అవునో కాదో తేల్చడానికి రెండు పరీక్షలు: సాధ్యం (రుజువు చేయదలచినది) ఉన్న ప్రతిచోటా అది ఉండాలి, హేతువు (అందుకు చూపే గుర్తు) ఉన్న ప్రతిచోటా మాత్రం ఉండకూడదు. "నిప్పుంది గనక పొగ ఉంది" అనేవాడికి పొగ సాధ్యం, నిప్పు హేతువు. పొగ ఉన్న ప్రతిచోటా తడి కట్టె ఉంది, ఇనుపగుండులో లేదు. తడి కట్టె రెండు పరీక్షలూ నెగ్గింది కాబట్టి ఆ అనుమానం కూలిపోయింది.

జవాబు 2

పుకారు దగ్గర జరిగేది అసిద్ధం (హేతువే రుజువు కాకపోవడం) అనే హేత్వాభాసం, అంటే హేతువులో దోషం. కొండ మీద కనిపించేది పొగో, మంచో తేలకముందే నిప్పుందని చెప్పడం లాంటిది. వ్యాప్తి బాగానే ఉంది. ఆ హేతువు ఈ పక్షంలో (మనం మాట్లాడుతున్న చోట, ఇక్కడ కొండలో) ఉందనే నిర్ణయం లేదు.

జవాబు 3

నేనొప్పుకోను. అమర్చి చూడండి. పక్షం ఫలానా మనిషి, సాధ్యం తప్పు చేయడం, హేతువు పుకారు ఉండడం. పుకారు నిజంగానే ఉందిగా, ఇంక అసిద్ధం ఎలా అవుతుంది? ఏ తప్పూ చేయనివాళ్ల మీద కూడా పుకార్లు పుడతాయి, అంటే హేతువు విపక్షంలోనూ (సాధ్యం లేనిచోట కూడా) ఉంది. ఇది సవ్యభిచారం (హేతువు దారితప్పడం), అందులోనూ సాధారణం (సాధ్యం ఉన్నచోటా లేనిచోటా హేతువు ఉండడం) అనే రకం. "కొండ మీద నిప్పుంది, ఎందుకంటే అది తెలియదగినది" అనే పాత ఉదాహరణకు జోడీ. తెలియదగినది మడుగు కూడా!

జవాబు 2 రాసినవారు

హేతువు ‘పుకారు’ అని పెడితే మీరన్నది నిజమే. కానీ సామెత వాడేవారు పుకారు అనరు, పొగ అంటారు. అంటే తప్పు నుంచే పుట్టిన ఆనవాలు అని. అలా తీసుకుంటే వ్యాప్తికి ఢోకా లేదు, ఆ ఆనవాలు ఇక్కడ ఉందా అన్నదే సందేహం. అసలు గడబిడ ఏమిటంటే, అనుమానాన్ని చెప్పే అయిదు అవయవాల్లో (వాక్యాల్లో) మూడోదైన ఉదాహరణలో, అంటే వ్యాప్తిని చెప్పేచోట, ‘పొగ’కు ఆనవాలు అని అర్థం చెప్పి, నాలుగోదైన ఉపనయంలో, అంటే దాన్ని ఈ పక్షానికి అన్వయించేచోట, ఉత్త పుకారును చూపిస్తారు. రెండుచోట్లా ఒకే అర్థం పెట్టమని పట్టుబడితే మీరు చెప్పిన సవ్యభిచారమో, నేను చెప్పిన అసిద్ధమో ఒకటి బయటపడుతుంది. దీన్ని ఛలం (వాదంలో మాటల మోసం) అనకూడదు. ఛలం ఎదుటివాడి మాటకు లేని అర్థం అంటగట్టడం.

జవాబు 4

మొదటి జవాబులోని "ఒకటే" అన్నదానికి ఒక మెలిక ఉంది. సామెతను ఉన్నదున్నట్టు తీసుకుంటే ‘నిప్పు లేదు → పొగ లేదు’. పొగ కనిపించింది. దాన్నుంచి నేరుగా వచ్చేది "నిప్పు లేకపోవడం లేదు" అన్నంతవరకే. అక్కణ్ణుంచి "నిప్పుంది" అనడానికి ఇంకో అడుగు వేయాలి. క్లాసికల్ లాజిక్‌లో, అంటే మామూలు పాశ్చాత్య తర్కంలో, ఆ అడుగు ఉచితం. 1908లోనే మధ్యమ నిషేధ సూత్రాన్ని (ఏ మాటైనా నిజమో, దాని నిషేధం నిజమో అయి తీరాలనే సూత్రాన్ని) ప్రశ్నించిన డచ్ గణితవేత్త బ్రౌవర్, 1930లో ఆయన పద్ధతికి తర్క నియమాలు కూర్చిన ఆయన శిష్యుడు హైటింగ్ ఆ అడుగును ఊరికే ఇవ్వరు. నిప్పు ఉందో లేదో వెళ్లి చూసి తేల్చగలిగినచోట ఈ తేడా మాయమవుతుంది. అంతులేనన్ని సంఖ్యలన్నిటి గురించీ మాట్లాడేటప్పుడు అలా మాయం కాదు.

న్యాయంలో తర్వాతి కాలపు శాఖ అయిన నవ్యన్యాయంలోనూ ఈ తగువుంది. కుండ అభావానికి (లేకపోవడానికి) అభావం అంటే కుండే అని ప్రాచీన నైయాయికులు. అది వేరే అభావమేనని నవ్యన్యాయ పండితుడు రఘునాథ శిరోమణి. అలాగైతే అభావాల వరుస ఆగదే అంటే, మూడో అభావం మొదటిదే కాబట్టి అనవస్థ (అంతులేని వరుస) లేదన్నాడు. మూడు నిషేధాలు ఒక్క నిషేధంతో సమానమని బ్రౌవర్ కూడా నిరూపించాడు.

జవాబు 1 రాసినవారు

మెలిక ఒప్పుకుంటాను. అయితే రఘునాథుణ్ణి బ్రౌవర్ పక్కన కూర్చోబెట్టేయకండి. న్యాయంలో అభావం లోకంలో నిజంగా ఉన్నవాటిలో ఒక రకం (పదార్థం). బ్రౌవర్‌కు నిషేధమంటే, ఒక మాటను ఒప్పుకుంటే వైరుధ్యం వస్తుందని చూపే నిర్మాణం. పోలిక రూపంలోనే.

జవాబు 5

‘రాదు’ను కూడా చూడాలి, ‘ఉండదు’ కాదు. రావడం పుట్టుకను చెబుతుంది. పొయ్యి ఆరిపోయాక కూడా గదిలో పొగ నిలిచి ఉంటుంది. అప్పుడు సామెత నిజమే, "ఇప్పుడు నిప్పుంది" అనేది అబద్ధం. అందుకే తర్కభాష అనే న్యాయ గ్రంథంలో కేశవమిశ్రుడు పొగ అని వదిలేయకుండా, మొదలు తెగకుండా కొండ నుంచి ఆకాశానికి లేచే ధూమరేఖ అని రాశాడు.