వర్డ్‌ప్రెస్ ఫోల్డర్ మొత్తానికి ఓనర్ మార్చాలి, చౌన్ కమాండ్ ఎలా కొట్టాలి?

ప్రశ్న:
ఉబుంటు సర్వర్. సైట్‌ని రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ యూజర్) లాగిన్‌తో ఆర్‌సింక్‌తో కాపీ చేసి /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/సైట్‌లో పెట్టాం. పేజీలు తెరుచుకుంటున్నాయి. ఫొటో ఎక్కిస్తే డైరెక్టరీ క్రియేట్ కావట్లేదని ఎర్రర్, ప్లగిన్ అప్‌డేట్ నొక్కితే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫైళ్లన్నీ రూట్ పేరు మీదే ఉన్నాయి. చౌన్‌కి చిన్న ఆర్ ఇస్తే ఇన్‌వాలిడ్ ఆప్షన్ అంది. 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ) పెట్టేస్తే పోదా?

జవాబు 1:
ఫొటోలు ఎక్కుతాయి కానీ ఎఫ్‌టీపీ గొడవ పోదు. వర్డ్‌ప్రెస్ ఒక టెంపరరీ ఫైల్ సృష్టించి, దాని ఓనరూ తన కోడ్ ఫైళ్ల ఓనరూ ఒకరేనా అని చూస్తుంది. 777 పెట్టినా ఓనర్ రూటే కాబట్టి ఎఫ్‌టీపీ అడుగుతూనే ఉంటుంది. పైగా సర్వర్‌లో ప్రతివాడికీ మీ కోడ్ మార్చే వీలు దొరుకుతుంది.

చౌన్‌కి కావాల్సింది పెద్ద ఆర్. ముందు పీఎస్ ఏయూఎక్స్ కొట్టి పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ (పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) పూల్ లైన్లలో మొదటి కాలమ్‌లో యూజర్ పేరు చూడండి (మాస్టర్ ఎలాగూ రూటే). ఉబుంటులో మామూలుగా డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, యూఐడీ (యూజర్ నంబర్) 33. రాకీ, ఆల్మా (రెడ్‌హ్యాట్ రకం లినక్స్‌లు)ల్లో అయితే ముందు ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఉన్నా పీహెచ్‌పీ అపాచీ యూజర్‌గానే నడుస్తుంది. తెలిశాక:
సుడో చౌన్ -ఆర్ యూజర్:గ్రూప్ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/సైట్

జవాబు 2:
చెట్టు మొత్తం వెబ్ యూజర్‌కి రాసిచ్చేయకండి. ఒక్క ప్లగిన్‌లో కన్నం ఉంటే చాలు, పీహెచ్‌పీ ఫైళ్లన్నీ తిరగరాసేస్తారు. ఓనర్‌గా డిప్లాయ్ యూజర్ (కోడ్‌ని సర్వర్‌లో పెట్టే ఖాతా), గ్రూప్‌గా వెబ్ యూజర్ గ్రూప్ పెట్టండి. డైరెక్టరీలకు 750, ఫైళ్లకు 640 (ఓనర్ మార్చగలడు, గ్రూప్ చదవగలదు, మిగతావారికి ఏమీ లేదు). డబ్ల్యూపీ-కంటెంట్ కింద అప్‌లోడ్స్‌కి మాత్రం ఓనర్ వెబ్ యూజర్. ఇలా చేస్తే డ్యాష్‌బోర్డ్ నుంచి అప్‌డేట్లు జరగవు, డిప్లాయ్ యూజర్‌గా డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ టూల్)తో చేసుకోవాలి. నా దృష్టిలో అది మంచిదే.

ఇప్పటికే 777 కొట్టి ఉంటే ఛ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్)లో పెద్ద ఎక్స్‌ని నమ్ముకోవద్దు. ఫైళ్లకు ఎగ్జిక్యూట్ బిట్ వచ్చి చేరి ఉంటుంది, పెద్ద ఎక్స్ దాన్ని అలాగే ఉంచేస్తుంది. ఫైండ్‌తో ఫైళ్లు వేరుగా, డైరెక్టరీలు వేరుగా మార్చండి.

జవాబు 3:
ఎంటర్ కొట్టే ముందు పాత్‌లో మొదటి స్లాష్ తర్వాత స్పేస్ పడిందేమో చూసుకోండి. రూట్ డైరెక్టరీ (/) దగ్గర ఆర్ఎమ్ (ఫైళ్లు తీసేసే కమాండ్) దానంతటదే ఆగుతుంది, చౌన్ ఆగదు. అది /యూఎస్ఆర్‌లోకి వెళ్తే సుడో ఫైల్‌కి ఓనర్ మారడమే కాదు, సెట్‌యూఐడీ బిట్ (సుడోని రూట్ హక్కులతో నడిపించేది) కూడా ఎగిరిపోతుంది. ఇక సుడో పనిచేయదు. దాచిన ఫైళ్ల కోసం చుక్క-నక్షత్రం ఇవ్వడం కూడా వద్దు. బ్యాష్ 5.2కి ముందు వెర్షన్లలో అది రెండు చుక్కలకూ సరిపోతుంది, అంటే పై డైరెక్టరీ మొత్తం మారిపోతుంది.

చౌన్ కొట్టే ముందే ఏసీఎల్ ప్యాకేజీ (ఫైళ్ల పర్మిషన్లు చూసే, పెట్టే టూల్స్) వేసి, గెట్‌ఫేకల్‌కి పెద్ద ఆర్ ఇచ్చి అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లో దాచుకోండి. తేడా వస్తే రూట్‌గా సెట్‌ఫేకల్ రీస్టోర్ పాత ఓనర్లనీ పర్మిషన్లనీ తిరిగి పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మిగతావన్నీ మారాయి. అప్‌లోడ్స్ దగ్గర మాత్రం సుడోతో కూడా ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటోంది. అది ఎన్ఎఫ్ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీద వేరే మెషీన్‌లో ఉన్న ఫోల్డర్).

జవాబు 3:
రూట్ స్క్వాష్. అంటే మీ రూట్ అక్కడ నోబడీ, ప్రత్యేక హక్కులేవీ లేని యూజర్. ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లోకి వెళ్లి అక్కడే చౌన్ కొట్టండి, పేరుతో కాకుండా 33:33 అని అంకెలతో. అది రెడ్‌హ్యాట్ రకం మెషీన్ అయితే ఆ యూజర్ పేరే అక్కడ ఉండకపోవచ్చు.