మిట్టమధ్యాహ్నంలో ‘మిట్ట’ ఎక్కడిది?

ద్విరుక్తటకారం (ఒకే మాట రెండుసార్లు వచ్చినప్పుడు మొదటిదానిలో చేరే ‘ట్ట’) లెక్క తెలిసిందే: పగలు+పగలు పట్టపగలు, చివర+చివర చిట్టచివర. మొదటి మాటలో తొలి అచ్చు నిలిచి, తర్వాతి అక్షరాలన్నీ పోయి ‘ట్ట’ వస్తుంది. ఆ లెక్కన మధ్యాహ్నం ‘మట్టమధ్యాహ్నం’ కావాలి కదా, ఈ ఇకారం ఎలా దూరింది? కన్నడంలో ‘మటమట మధ్యాహ్న’ అంటారు, అక్కడ అకారం చెక్కుచెదరలేదు. మిట్ట అంటే మెరక గనక నడినెత్తికెక్కిన పొద్దు అని సరిపెట్టొచ్చు గానీ, అది తర్వాత అతికించిన అర్థంలా ఉంది. (సంస్కృత భాగంతో పేచీ లేదు: మధ్య+అహన్. పూర్వాహ్ణం, అపరాహ్ణాల్లో రేఫ (రకారం) వల్ల ణకారం. ఇక్కడ రేఫ లేదు, నకారమే.)

మీ వైపు ‘మట్ట’ అని పలికేవాళ్లున్నారా? పాత కావ్యంలోనో శాసనంలోనో కనిపిస్తే ఆ పాదం యథాతథంగా ఇవ్వండి. ఉత్త నిఘంటువు అర్థమైతే వద్దండీ.